ఎఱ్ఱ వీరనారి

1929వ సంవత్సరమున షాంఘై నగరమున "హోంగ్ షియా" యను నొక మూగచిత్రము వెలువడినది. ఆ పేరును మనము "ఎఱ్ఱ వీరనారి" యని చెప్పుకొనవచ్చును. తీసినది యౌలియన్ అను చిన్న కంపెనీ. దర్శకుడు వెన్ యిమిన్. నాయికగా నటించినది ఫాన్ షుయెపెంగ్. దాదాపు గంటన్నర సేపు నడచు నీ చిత్రము, చీనా కత్తియుద్ధపు చిత్రములలో నేటికిని మిగిలియున్న మిక్కిలి పాతవానిలో నొకటి. ఆ కాలమున నట్టివి వందలకొలదిగా తీయబడినవి. మిగిలినవి వ్రేళ్ళపై లెక్కింపదగినవి. ఒకప్పుడు భాండాగారములకు బోయి చూడవలసిన యీ చిత్రము తరువాత వీడియో బిళ్ళలమీది కెక్కి, ఎక్కడి వారైనను తమ యింట గూర్చుండి చూచుటకు వీలైనది. అట్లు చూచినవారిలో పలువురు పొగమబ్బులలో నెగురు నాయికను జూచి నవ్వి యూరకుందురు. దీని కథ నవ్వుతో ముగియునది కాదు. ఇట్టి చిత్రములను ప్రభుత్వము నిషేధించెను. నిషేధమును గోరినవారిలో మూర్ఖులు తక్కువ. వారు విద్యావంతులు, మూఢవిశ్వాసములను పెకలింపగోరినవారు, స్త్రీలకు చదువు కావలెనని వాదించినవారు. మనవంటి వారే.

ముందు కథ చెప్పెదను. ఒక పల్లెయందు యున్‌గూ అను కన్య తన ముసలి యవ్వతో బ్రదుకుచుండును. పడమటి సేన యను పేరుగల సాయుధులు ఊరిపై బడుదురు. దానిని సేన యనవలెనో దోపిడి ముఠా యనవలెనో తెలియదు. ఆ దినములలో చీనా పల్లెవానికి రెంటికిని భేదము లేకుండెను. జనము పారిపోవు త్రొక్కిసలాటలో అవ్వ ప్రాణములు విడుచును. దళపతి పిల్లను చెఱబట్టి తన స్థావరమునకు గొనిపోవును. ఆమెకు కీడు మూడు క్షణమున శ్వేతవానరుడని పేరుగల తపస్వి యొకడు వచ్చి యామెను విడిపించును. ఇంతవఱకు మన పురాణములలో నెన్నిమార్లో విన్న ధోరణియే. తరువాత నేమి జరుగవలెను? మన కథయైనచో నామెను మునిపత్నుల కప్పగించి, భర్తయో తండ్రియో వచ్చువఱకు పూలు కోయుచుండుమని యందురు. ఇచ్చట తపస్వి యామెను శిష్యురాలిగా గైకొని తన విద్య నేర్పును. కొన్ని యేండ్లు గడచిన పిమ్మట అదే ముఠా మఱొక యింటి పిల్లను పట్టుకొనిపోవును. అప్పుడు యున్‌గూ యోధురాలి వేషమున దిగివచ్చి శత్రువులను జయించి, అవ్వ చావునకు పగదీర్చుకొని, ఆ పిల్లను విడిపించును. విద్యార్థియగు బంధువొకడు కథ మొదటినుండి కనబడుచుండును. వానికిని యున్‌గూకును పెండ్లి జరుగునని ప్రేక్షకుడు తలచుచుండగా, ఆమె తాను విడిపించిన పిల్లనే వానికి పెండ్లి కుదిర్చి, మబ్బులలో నదృశ్యమగును.

ఈ ముగింపు నాకు మిక్కిలి ముఖ్యముగా తోచినది. స్త్రీ బాధపడును, స్త్రీ విద్య గడించును, స్త్రీ రక్షించును. రక్షించిన వెనుక నామె యెవ్వరి యింటికిని కోడలుగా పోదు. 1929లో, కాళ్ళు కట్టివేసి పెంచబడిన స్త్రీలు ప్రతి వీధిలోను ఇంకను నడచుచున్న దేశమున, ఇది తెరమీద కనబడెను. చిత్రమంతయు నిర్మలమని చెప్పుటలేదు. దళపతి కొలువులో చాలీచాలని దుస్తులు ధరించిన స్త్రీలను వరుసగా నిలిపినారు. అది కథకు కావలసి పెట్టినది కాదు, టిక్కెట్ల కొఱకు పెట్టినదే. స్త్రీ శౌర్యమును, స్త్రీ శరీరమును ఒకే తెరపై నమ్మకమునకు పెట్టు వర్తకము సినిమాతోపాటు పుట్టినదే కాని నిన్నటిది కాదు.

"షియా" యను చీనా మాటకు సరియైన తెలుగు మాట దొరకదు. వీరుడనిన చాలదు, దొరను సేవించు వీరుడు షియా కాడు. పరుల కష్టమునకు తన ప్రాణమొడ్డి, ఆడినమాట తప్పక, చేసిన మేలు చెప్పుకొనని వాడు షియా. వాని చేతిలో కత్తియుండును, వాని నెత్తిపై ప్రభువు లేడు. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున హాన్ ఫెయ్ అను రాజనీతిజ్ఞుడు ఇట్టివారిని దేశమును దొలుచు పురుగులలో జేర్చెను. ఆ పురుగులలో పండితులను గూడ జేర్చెననుట మాబోటి బడిపంతుళ్ళు గుర్తుంచుకొనదగిన విషయము. ఆ తరువాత నూఱేండ్లు దాటిన పిమ్మట చరిత్రకారుడు సిమా చియెన్ తన మహాగ్రంథమున షియాలకు ప్రత్యేకముగా నొకయధ్యాయము కేటాయించి, వారి నడత చట్టమునకు లొంగకపోయినను వారి సత్యసంధత మెచ్చదగినదని వాదించెను. రాజాగ్రహమునకు గురియై ఘోరమైన శిక్ష ననుభవించినవాడు సిమా చియెన్. న్యాయస్థానములు న్యాయము చేయనప్పుడు జనులెవ్వరివంక జూతురో ఆయనకు తెలియును.

టాంగు వంశపు కాలమున, అనగా 618 మొదలు 907 వఱకు గల కాలపు కడపటి భాగమున, ఈ షియాలలో స్త్రీలు కనబడసాగిరి. రెండు కథలు ప్రసిద్ధములు. ఒకటి నియె యిన్‌నియాంగ్ కథ. సేనానాయకుని కూతురగు నామెను పదియేండ్ల ప్రాయమున నొక భిక్షుణి యెత్తుకొనిపోయి, అయిదేండ్లు శస్త్రవిద్య నేర్పి తిరిగి యింట విడుచును. తండ్రి యామెను జూచి సంతోషించుటకు మాఱు భయపడును. ఒకనాడు వాకిటికి అద్దములకు మెఱుగుపెట్టువా డొకడు రాగా, ఇతడు నాకు భర్త కాగలడని యామె తండ్రితో చెప్పును, తండ్రి కాదనజాలడు. సేనాపతి కూతురు, కూలివాడైన వరుడు, స్వయముగా నెన్నుకొన్న వివాహము! మన సంస్కరణ సభలలో నింతకంటె నెక్కువ యెన్నడు నడుగలేదు.

రెండవది హోంగ్‌షియెన్ కథ. ఆమె యొక మండలాధిపతి యింట దాసి. పొరుగు మండలపు సేనాపతి తన ప్రభువుపై దండెత్త జూచుచున్నాడని యెఱిగి, ఆమె యొక్క రాత్రిలో ఏడువందల లీల దూరము పోయివచ్చి, నిద్రించుచున్న యా సేనాపతి తలాపున నున్న బంగారు పెట్టెను తెచ్చును. మఱునాడు ప్రభువు దానిని మర్యాదగా తిరిగి పంపును. పెట్టె నందుకొన్నవానికి సంగతి బోధపడి యుద్ధము మానుకొనును. ఒక్క నెత్తురుచుక్క రాలదు. ఐనను కథకుడు కథ నంతటితో విడువలేదు. హోంగ్‌షియెన్ పూర్వజన్మమున పురుషుడనియు, వైద్యము చేయుచు నొక గర్భిణికి తప్పుడు మందిచ్చి చంపుటచే నాడుదిగా, దాసిగా పుట్టవలసివచ్చినదనియు చెప్పించినాడు. స్త్రీ యింత సమర్థురాలని యొప్పుకొన్నవాడు స్త్రీజన్మము శిక్ష కాదని మాత్ర మొప్పుకొనలేకపోయెను. కర్మసిద్ధాంతమును ఇట్లు వాడుకొనుట మనకు క్రొత్తగాదు కనుక ఆ చీనా కథకుని తప్పుబట్టుటకు నాకు నోరాడుటలేదు.

ఈ కథలు నాటకములలోను, వీధులలోని కథకుల నోళ్ళలోను వేయేండ్లు బ్రదికి, 1920 తరువాత పత్రికలలోని నవలలుగా మాఱినవి. 1916 మొదలుకొని చీనాదేశము సేనాపతుల పాలబడి ముక్కలైయుండెను. కేంద్రప్రభుత్వ మనునది పేరునకు మాత్రమే. ఏటేట నొక సేన వచ్చి పన్నులు గుంజుకొని పోవును, మఱొక సేన వచ్చి మరల గుంజును. అట్టి కాలమున షియాంగ్ కైరాన్ అను రచయిత 1923లో మొదలిడిన అద్భుత వీరుల నవలను జనము ఎగబడి చదివిరి. అందులోని యొక ఘట్టమును గైకొని 1928లో మింగ్‌షింగ్ కంపెనీవారు "ఎఱ్ఱ తామర దేవాలయ దహనము" అను చిత్రము తీసిరి. జెంగ్ జెంగ్‌చియూ కథ కూర్చెను. జాంగ్ షిచువాన్ దర్శకత్వము వహించెను. ప్రజల యుత్సాహమును జూచి రెండవ భాగము, మూడవ భాగము, ఇట్లు 1931 నాటికి 18 భాగములు తీసిరి. రెండవ భాగము నుండి హు ద్యె యను సుప్రసిద్ధ నటి ఎఱ్ఱదుస్తుల వీరనారిగా నటించెను.

ఛాయాగ్రాహకుడు దోంగ్ కెయీ పనితనమును గూర్చి ఒక మాట చెప్పకుండ పోరాదు. దేవాలయమంతయు కట్టుటకు ధనము లేదు. క్రింది భాగమును మాత్రము కట్టించి, పై కప్పును గాజుపలకపై చిత్రించి, ఆ పలకను కెమెరా ముందు నిలిపి రెంటిని కలిసిపోవునట్లు పట్టెను. ఎగురువారిని తీగలతో వ్రేలాడదీసిరి. కత్తులనుండి వెలువడు కాంతిరేఖలను ఫిల్ముపై బొమ్మలుగా గీసిరి. అప్పటికి షాంఘైలో ఆడుచున్న అమెరికా సాహస చిత్రములను, డగ్లస్ ఫేర్‌బాంక్స్ విన్యాసములను జూచి చీనావారు నేర్చినది కొంత కలదు. ఐనను గాజుపలక మీద దేవాలయ శిఖరము నిలుపుట పేదవాని యుపాయము. అట్టి యుపాయములకు మన నాటకసమాజముల వారు కూడ పెట్టినది పేరు.

1928 మొదలు 1931 వఱకు షాంఘైలో దాదాపు 50 కంపెనీలు సుమారు 400 చిత్రములు తీయగా, వానిలో 250 వఱకు ఇట్టి కత్తియుద్ధపు, అద్భుతపు చిత్రములేనని చీనా చలనచిత్ర చరిత్రకారులు లెక్కగట్టినారు. "ఎఱ్ఱ వీరనారి" యా వెల్లువలోనిది. దానిని తీసిన యౌలియన్ కంపెనీయే 1930లో "నిర్జన నదీతీరపు వీరనారి" యను పరంపరను మొదలిడి 13 భాగములు తీసెను. కేవలము డబ్బు కొఱకు పుట్టిన కంపెనీ యని దీనిని తేలికగా జూడరాదు. 1925లో షాంఘై వీధులలో విదేశీ పోలీసులు ఊరేగింపుపై కాల్పులు జరిపినపుడు ఆ యుద్యమమును ఫిల్ముపై నెక్కించినవారును వీరే.

ఇక నిషేధము. 1919 నాటి విద్యార్థి యుద్యమము వెనుక చీనా విద్యావంతులకు విజ్ఞానము, ప్రజాస్వామ్యము అను రెండు మాటలు మంత్రములైనవి. వారికీ చిత్రములు మేనిపై గంజి పోసినట్లుండెను. తాయెత్తులు, మంత్రపు కత్తులు, మబ్బులపై మునులు! దేశమును శత్రువులు చుట్టుముట్టుచుండగా జనులు తెరపై నెగురువారికి చప్పట్లు కొట్టుచున్నారు. పిల్లలు మునులవద్ద విద్య నేర్తుమని యిల్లు విడిచి ఎమెయ్ కొండకు బయలుదేరుచున్నారని పత్రికలు వ్రాసెను. 1930లో చలనచిత్ర పరిశీలన చట్టము వచ్చెను. మఱుసటి యేడు నాంజింగ్ ప్రభుత్వపు పరిశీలన సంఘము పని ప్రారంభించెను. మూఢవిశ్వాసములను వ్యాపింపజేయు చిత్రములు తీయరాదనిరి. ఎఱ్ఱ తామర పరంపర 18వ భాగముతో నిలిచిపోయెను.

నేను సంస్కరణపక్షము వాడను. తాయెత్తు వలన తుపాకిగుండు తగులదని నమ్మి 1900లో బాక్సరులు వేలకొలదిగా చచ్చిన దేశమున, మంత్రపు కత్తులను జూచి పెద్దలు బెదరుట సహజమే. ఐనను వారు చూడని దొకటి కలదు. 1933లో మావో దున్ అను గొప్ప నవలాకారుడు ఈ చిత్రములను తీవ్రముగా నిందించుచు వ్యాసము వ్రాసెను. ఆయన నిజాయితీపరుడు గనుక తాను థియేటరులో జూచినదానిని దాచలేదు. కత్తులు గాలిలో తలపడగానే జనము కేకలు వేయుననియు, ఎఱ్ఱదుస్తుల నాయిక దిగివచ్చినపుడు చప్పట్లు మ్రోగుననియు, ఆ చప్పట్లు పేరుపొందిన నటికి గాక కథలోని వీరనారికే చెందుననియు నాయన గుర్తించెను. ఆ కేకలను ఆయన మత్తు యొక్క లక్షణమని నిర్ణయించెను. నా నిర్ణయము వేఱు. న్యాయస్థానము లేనివాడు, ఓటు లేనివాడు, దినమునకొక సేనకు దండము పెట్టువాడు, దళపతి పడిపోవుట జూచి కేక వేసెను. ఆ దళపతి వానికి తెలిసినవాడే. ఇంటికి వచ్చి ధాన్యము తీసికొనిపోయినవాడే. ఆ కేకలో మత్తు కొంత యుండవచ్చును, ఫిర్యాదు అంతకంటె నెక్కువ యుండెను. ఫిర్యాదును వినవలసిన ప్రభుత్వమే తెరను మూయించినది. మబ్బులపై నెగురుట తప్పని చెప్పుటకు, ఆడుది కత్తి పట్టిన కథను కూడ ఆ మబ్బులతోనే తుడిచివేయవలసిన పనిలేదు. మంత్రము తీసివేసి మనిషిని నిలుపుమని యడిగియుండవలసినది.

నిషేధించిన చిత్రమును భద్రపఱచువా రెవ్వరు? ఆ కాలపు ఫిల్ము నైట్రేటుతో చేయబడినది. నిప్పంటిన ఆర్పుట కష్టము, చల్లనిచోట దాచకున్న తనంతట తానే చెడి పొడియైపోవును. అందుండు వెండి కొఱకు పాతఫిల్ములను కరగించుట అన్ని దేశములలోను కలదు. దానిపై 1932 జనవరి 28న జపానువారు షాంఘైపై దాడి జరిపిరి. జాబెయ్ పేటలోని స్టూడియోలు పెక్కు పాడైనవి. అచ్చటి ప్రాచ్య గ్రంథాలయము లక్షలకొలది పుస్తకములతో కాలిపోయెను. తరువాత పెద్దయుద్ధము, అంతర్యుద్ధము. బెయిజింగ్ నగరమున చీనా ఫిల్ము భాండాగారము 1958లో గాని యేర్పడలేదు. అప్పటికి ఎఱ్ఱ తామర 18 భాగములలో నొక్కటియు దొరకలేదు; నేటికిని దొరకలేదు. నిర్జన నదీతీరపు 13 భాగములలో ఆఱవది మిగిలెను. వీరిని జూచి జాలిపడు నర్హత మనకును కలదు: 1921లో రఘుపతి ప్రకాశ్ తీసిన "భీష్మ ప్రతిజ్ఞ" మిగులలేదు.

షాంఘైలో మూతబడినది హాంగ్‌కాంగులో తెరచుకొనెను. ప్రవాస చీనావారు, ముఖ్యముగా సింగపూరు, మలయాలలో నుండువారు, ఈ కథలను విడువలేదు. 1925లోనే "వీరనారి లీ ఫెయ్‌ఫెయ్" అను చిత్రము తీసిన షావ్ సోదరుల తియన్యీ కంపెనీ దక్షిణమునకు తరలిపోయి, కాలక్రమమున హాంగ్‌కాంగులో మహాసంస్థయైనది. అచ్చటనే 1966లో కింగ్ హు అను దర్శకుడు "కమ్ డ్రింక్ విత్ మీ" యను చిత్రము తీసెను. బందిపోట్లు చెఱబట్టిన అన్నను విడిపించుటకై పురుషవేషమున సత్రమునకు వచ్చు "బంగారు పిచ్చుక" కథ యది. నాట్యము నేర్చిన చెంగ్ పెయ్‌పెయ్ ఆ పాత్ర ధరించెను. శత్రువులు చుట్టుముట్టియుండగా నామె కదలక కూర్చుండు తీరు, కదలినప్పుడు వాద్యపు దెబ్బకు సరిగా అడుగుపడు తీరు బెయిజింగ్ సంగీతనాటక రంగమునుండి వచ్చినవి. ఇచ్చట మబ్బులు లేవు. మునులు కొంత తగ్గిరి. మంత్రము తగ్గిన కొలదిని నాయిక పెద్దదైనది.

ఈ చిత్రములకు గూడ దాదాపు మూగచిత్రముల గతియే పట్టవలసినది. షావ్ సంస్థవారు తమ పాతచిత్రములను వీడియో క్యాసెట్లుగా విడుదల చేయక కొట్లలో పెట్టి తాళము వేసిరి. అభిమానులకు దొరకినవి దొంగప్రతులు, ప్రతికి ప్రతి తీసిన ప్రతులు. వెడల్పు తెరకై తీసిన చిత్రమును చదరపు టెలివిజనుకు సరిపెట్టుటలో బొమ్మలో నూటికి నలువదికి పైగా కత్తిరింపబడును. ఇద్దరు తెర రెండుకొసల నిలిచి తలపడు ఘట్టమున ఇంటివాడు నడుమనున్న బల్లను మాత్రమే చూచును. క్రింద ముద్రించిన తెల్లయక్షరములు తెల్లయంగీలమీద బడి చదువరాకుండెను. తరువాత వచ్చిన వీడియో సి.డి. చవుక, ఒక్కొక్క బిళ్ళమీద గంటంబావు మాత్రమే పట్టును గనుక ప్రతి చిత్రము నడిమికి తెగును. 2000లో సెలెస్టియల్ అను సంస్థ ఆ కొట్లలోని 760కి మించిన చిత్రములను కొని, శుభ్రపఱచి, 2002 చివరనుండి బిళ్ళలుగా విడుదల చేసెను. అప్పుడు గాని సత్రములో బంగారు పిచ్చుక చుట్టు నెందఱు శత్రువులున్నారో ఇంట జూచువారికి లెక్క తెలియలేదు.

వీడియో బిళ్ళను శాశ్వతమని నేననను. అదియు గీతలుపడి, పూత చెడి పోవునదే. భాండాగారమునకు మాఱు కాజాలదు. కాని భాండాగారమునకు పోలేని గృహిణికి, విద్యార్థికి, పల్లెటూరి పంతులుకు అది తలుపు తెరచినది. "ఎఱ్ఱ వీరనారి"ని గూర్చి పుస్తకములో చదివి యొప్పుకొనవలసిన పని లేకుండ, నిలిపి, వెనుకకు త్రిప్పి, మరల జూచి వాదింపవచ్చును. మావో దున్‌తో నేను పైన వాదించినది అట్టి చనువుతోనే.

చెంగ్ పెయ్‌పెయ్ 2024 జులైలో మరణించెను. ఆమె నటించినవానిలో ప్రపంచమంతయు నెఱిగినది 2000లో వచ్చిన "క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్". బంగారు పిచ్చుకయైన నటియే అందులో వృద్ధయైన దుష్టురాలు. ఈమె గురుహంతకి, ఎందులకన, వూదాంగ్ గురువు ఆమెను పడకకు పిలిచెను గాని ఆడుదానికి విద్య చెప్పనని నిరాకరించెను. ఆమె అతనికి విషమిచ్చి విద్యాగ్రంథమును దొంగిలించెను. ఐనను ఆమెకు అక్షరములు రావు. అందలి బొమ్మలను జూచి నేర్చినది నేర్చెను. ఆ పుస్తకమును ఆమె దొరబిడ్డయైన తన శిష్యురాలికి చూపెను. చదువు వచ్చిన యా పిల్ల బొమ్మల ప్రక్కనున్న వ్రాతను గూడ చదువుకొని, గురువును మించిపోయి, ఆ సంగతిని యేండ్లతరబడి దాచిపెట్టెను.